అది నా వీపు కాదు

నేను ఇరవై రెండేళ్ళుగా బస్సు నడుపుతున్నాను. అందులో పద్నాలుగేళ్ళు స్కూలు బస్సే. ఇన్నేళ్ళలో నా పేరు మీద ఒక్క చలానా కూడా లేదని చెప్పుకోవడం నాకు అలవాటు. పెళ్ళి భోజనాల బంతిలో చెప్పాను, టీ బంకు దగ్గర చెప్పాను, కొత్తగా చేరిన డ్రైవర్లకి వాళ్ళు అడగకపోయినా చెప్పాను. వినీ వినీ విసిగిపోయిన మా ఆవిడ, "ఇంకెందుకు ఆలస్యం, ఫొటో కట్టించుకుని దండ వేయించుకో" అనేది. అయినా మానలేదు. మా తాతలు ఊరూరా తిరిగి దూది ఏకి బతికినవాళ్ళు. మాకు పొలాలు లేవు, పుట్రలు లేవు. మనిషన్నాక గొప్పగా చెప్పుకోవడానికి ఏదో ఒకటి ఉండాలి. నాకు ఆ రికార్డు ఉండేది.

అందుకే ఒక ఏప్రిల్ నెల సాయంత్రం మా స్కూలు కరస్పాండెంట్ గారు నన్ను గదిలోకి పిలిచి, "సాయిబు గారూ, మీ మీద కోర్టులో కేసు ఉందండీ" అన్నప్పుడు నాకు ముందు నవ్వొచ్చింది. ఆయన నవ్వలేదు.

ప్రతి ఏడూ వేసవి సెలవులకి ముందు డ్రైవర్లందరి లైసెన్సులూ తీసుకుని, ఎవరి మీదైనా కేసులు, చలానాలు ఉన్నాయేమో కంప్యూటర్లో చూడడం మా స్కూల్లో ఆనవాయితీ. పిల్లలెక్కే బస్సు కదా. ఆ పద్ధతి చాలా మంచిదని నేనే అందరికన్నా గట్టిగా అనేవాణ్ణి. ఆయన కంప్యూటరు నా వైపు తిప్పాడు. తెర మీద ఒక ఫొటో. వెనక నుంచి తీసిన మోటారు సైకిలు. దానికి రెండు వైపులా తెల్లటి ఐసు పెట్టెలు వేలాడుతున్నాయి. మీద గళ్ళ చొక్కా వేసుకుని, నెత్తిన ఏమీ లేకుండా, ముందుకి వంగి కూర్చున్న ఒక మనిషి వీపు. కింద బండి నంబరు. ఆ నంబరు నాది. నాలుగేళ్ళ కిందట నేను అమ్మేసిన నా పాత బండిది.

కొత్తపట్నం రోడ్డు మీద పోలీసులు ఆపమంటే ఆపకుండా, జనం మధ్యలో నుంచి ప్రమాదంగా తోలుకుపోయాడట. చలానాతో పోయే తప్పు కాదని కోర్టుకి పంపారు. సమన్లు మేం ఖాళీ చేసిన పాత అద్దె ఇంటికి పోయాయి. ఫోనుకి వచ్చే సందేశం, నేను ఎప్పుడో వదిలేసిన నంబరుకి పోయింది.

"ఇది నేను కాదండీ," అన్నాను.

"నాకు తెలీదా మీరు కాదని? కానీ బండి మీ పేరున ఉంది. రేపు ఎవరో ఒక పిల్ల తండ్రి ఇది చూసి, రాష్ డ్రైవింగు కేసున్న మనిషి చేతిలో మా పిల్లల్ని ఎట్లా పెట్టారంటే నేనేం చెప్పను? స్కూళ్ళు తెరిచేలోపు కేసు పోయిందని కోర్టు కాగితం తీసుకురండి. లేకపోతే ఆ బస్సు తాళాలు ఇంకొకళ్ళకి ఇవ్వాల్సి వస్తుంది. నాకు ఇష్టమై కాదు."

ఆయన మెత్తగా చెప్పిన కొద్దీ నాకు ఒళ్ళు మండింది. ఆయన మీద కాదు. ఆ గళ్ళ చొక్కా వీపు మీద.

మా వైపు బండి అమ్మడమంటే ఏమిటో తెలియనివాళ్ళకి చెప్పాలి. బండి కొనేవాడు ఎవరో కొత్తవాడు కాడు. తెలిసినవాడు, లేదా తెలిసినవాడికి తెలిసినవాడు. ఇద్దరూ కలిసి టీ తాగుతారు. అమ్మేవాడు సి బుక్కు ఇస్తాడు, పేరు మార్చే ఫారాల మీద ఖాళీగా సంతకాలు పెడతాడు, ఎందుకైనా మంచిదని తన లైసెన్సు జిరాక్సు కూడా కలిపి ఒక ప్లాస్టిక్ కవర్లో పెట్టి చేతికిస్తాడు. అంతటితో అయిపోయింది. ఆ ఫారాలు పట్టుకుని ఆర్టీవో ఆఫీసుకి వెళ్ళి పేరు మార్పించుకోవాలని ఇద్దరికీ తెలుసు. మిరపకాయ కోతలప్పుడు ఎవరికీ తీరిక ఉండదు. కోతలైపోయాక ఎవరికీ ఆ ధ్యాస ఉండదు. ఎవడైనా అక్కడికక్కడే పేరు మార్పిద్దాం పద అన్నాడనుకోండి, ఎదుటివాడి ముఖం మాడిపోతుంది. "మన మధ్య కాగితాలేంటి?" అంటాడు. నన్ను నమ్మవా అని దాని అర్థం. ఆ మాట పడడం ఇష్టం లేక మా జిల్లాల్లో సగం బండ్లు ఒకరి పేరున ఉండి ఇంకొకరి కింద తిరుగుతుంటాయని నా అనుమానం.

నేను ఆ బండి అమ్మింది నా చిన్ననాటి స్నేహితుడికి. సత్తెనపల్లి శివార్లలో పత్తి మిల్లులో కాటా వేస్తాడు. మర్నాడు బస్సు షెడ్డులో పెట్టి, ఇప్పుడు నా దగ్గరున్న బండేసుకుని నేరుగా మిల్లుకి పోయాను. షెడ్డుకి మా ఇంటికి రెండు కిలోమీటర్లు, షెడ్డు నుంచి మిల్లుకి ఇంకొక రెండు. ఆ కాస్త దూరానికి ఎందుకని హెల్మెట్టు ఇంట్లో మేకుకే వేలాడుతూ ఉంటుంది. వాడు కాటా పక్కన పత్తి నింపిన బోరెం మీద కూర్చుని ఉన్నాడు, తలంతా దూది.

"ఒరేయ్, నా బండేదిరా?" అన్నాను.

"ఏ బండి?"

"నీకమ్మిన బండి!"

"నాకమ్మితే నా బండి అవుద్ది గానీ నీ బండి ఎట్టా అవుద్దిరా?" అని నవ్వి, "అదెప్పుడో అమ్మేశా. మూడేళ్ళయింది. పొదిలాయనకిచ్చా," అన్నాడు.

"పేరు మార్పించావా?"

"నా పేరు మీదకే మారలా, ఆయన పేరు మీదకి ఎట్టా మారుద్ది?"

"మరి నువ్వెందుకు మార్పించుకోలేదురా?"

"నువ్వు సంతకం పెట్టిచ్చావు గదరా. సంతకం ఉందిగా, ఎప్పుడంటే అప్పుడు మార్పించుకోవచ్చని ధైర్యం. అయినా ఏరా, నాలుగేళ్ళ తర్వాత వచ్చి కాగితాలు అడుగుతావేందిరా? మన మధ్య కాగితాలేంది?"

తాటిచెట్టు ఎందుకెక్కావురా అంటే దూడ గడ్డి కోసం అన్నాడట ఎవడో. వాడు వీడికి తాత అయి ఉండాలి. నేను అరిచాను, వాడూ అరిచాడు, మిల్లు కూలీలు పని ఆపి చూశారు. చివరికి వాడే టీ తెప్పించి, పొదిలి ఆయన ఫోను నంబరు వెతికి ఇచ్చాడు.

పొదిలి ఆయన కందులు పండించే రైతు. ఫోన్లో నా పేరు చెప్పగానే ఎన్నాళ్ళ నుంచో తెలిసినవాడిలా మాట్లాడాడు. "మీరేనా అండీ? మంచి బండండీ మీది. ఒక్క రోజు సతాయించలా" అన్నాడు. ఇప్పుడు ఎక్కడుందండీ అంటే, పొదిలి సంతకి ఎండుచేపలు తెచ్చే కొత్తపట్నం మనిషికి అమ్మానన్నాడు. "కాగితాలన్నీ భద్రంగా ఇచ్చేశానండీ. మీ సంతకాలు గూడా చెక్కు చెదరలా," అన్నాడు, నేను మెచ్చుకుంటానన్నట్టు ఆగి.

ఆ కొత్తపట్నం మనిషి నంబరు ఆయన దగ్గర లేదు. సంతలో కలుస్తాడు, అడిగి చెబుతానన్నాడు. ఈలోగా మొదటి వాయిదా వచ్చింది.

తెల్లవారుజామున బస్సెక్కి, రెండు బస్సులు మారి, పదింటికల్లా కోర్టు దగ్గరికి చేరాను. ఆ ఆవరణలో నాలాంటి వాళ్ళు వందమంది దాకా ఉన్నారు. హెల్మెట్టు లేనివాళ్ళు, ముగ్గురెక్కినవాళ్ళు, తాగి తోలినవాళ్ళు, ఎదురు దారిలో వచ్చినవాళ్ళు. ఎవరి ముఖంలోనూ దిగులు లేదు. కరెంటు బిల్లు కట్టడానికి వచ్చినట్టు వచ్చారు. రేకుల షెడ్డు కింద బల్ల వేసుకున్న ఒక వకీలు గారికి నా సంగతంతా చెప్పాను. ఆయన ఓపిగ్గా విని, "ఒప్పేసుకో" అన్నాడు.

"నేను చెయ్యలేదు కదండీ."

"చేశావని నేననలేదయ్యా. ఒప్పుకుంటే పావుగంట. ఒప్పుకోకపోతే ఏడాది. నీకేది కావాలి?"

"ఒప్పుకుంటే నా ఉద్యోగం పోతుందండీ."

"ఏడాది తిరిగినా పోతుందిగా," అన్నాడాయన.

అప్పటికి ఆ మాట నాకు చెప్పినవాళ్ళలో ఆయన నాలుగోవాడు. బస్సులో పక్కన కూర్చున్నాయన చెప్పాడు, నిమ్మకాయ సోడా అమ్మే ఆమె చెప్పింది, గేటు దగ్గర కానిస్టేబుల్ అయితే నా భుజం తట్టి మరీ చెప్పాడు. ఒప్పేసుకో, పోతుంది. అందరూ నా మంచి కోరే చెప్పారు. చెయ్యని తప్పు ఒప్పుకోమని ఇంతమంది ఇంత ప్రేమగా చెబుతుంటే, కాసేపటికి తప్పు చెయ్యకపోవడమే నేను చేసిన తప్పేమోననిపించింది. కోర్టులో గెలిచినవాడు ఇంటికెళ్ళి ఏడిస్తే ఓడినవాడు కోర్టులోనే ఏడ్చాడని మా నాన్న అనేవాడు. నేను లోపలికి వెళ్ళకముందే ఏడుపు మొహం పెట్టుకుని నిలబడ్డాను.

లోపల మేజిస్ట్రేటు గారు ఆవిడ. కళ్ళద్దాలు, నెమ్మదైన గొంతు. బంట్రోతు ఒక్కొక్కరి పేరే పిలుస్తున్నాడు. ఒప్పుకుంటున్నారా అని ఆవిడ అడగడం, ఒప్పుకుంటున్నానండి అని వాళ్ళు చేతులు కట్టుకోవడం, తర్వాతి పేరు. ఒకరిద్దరు ఆవిడ అడగకముందే ఒప్పేసుకున్నారు. నా వంతు వచ్చింది.

"ఒప్పుకుంటున్నారా?"

"లేదండీ."

ఆవిడ పెన్ను ఆగింది. పొద్దుటి నుంచి ఆ మాట అన్నది నేనొక్కణ్ణే అనుకుంటాను. ఫైల్లోంచి ఫొటో తీసి చూసి, "ఇందులో ఉన్నది మీరు కాదా?" అంది.

"అది నా వీపు కాదండీ."

వెనక బెంచీల్లో ఎవరో నవ్వారు. ఆవిడ నవ్వలేదు. "ఎట్లా చెప్పగలరు?" అంది.

"ఇరవై రెండేళ్ళ డ్రైవర్నండీ, నా వీపు నాకు తెలీదాండీ?"

"ఎవరి వీపు వాళ్ళకి ఎప్పుడు కనపడింది?"

నిజమే. చూపిస్తే తేలిపోతుంది కదా అని, "మీరే చూడండమ్మా" అంటూ గిర్రున వెనక్కి తిరిగి నిలబడ్డాను. బంట్రోతు ఉలిక్కిపడి నా జబ్బ పట్టుకుని ఇటు తిప్పాడు. "కోర్టుకి వీపు చూపిస్తావేందయ్యా! బుద్ధుందా?" అని గొంతు తగ్గించి కసిరాడు. కేసే వీపు గురించైతే ఇంకేం చూపించాలి? ఆ మాట నోటి దాకా వచ్చింది గానీ మింగేశాను.

"బండి మీ పేరున ఉంది. ఆ రోజు దాన్ని ఎవరు నడిపారో చెప్పాల్సిన బాధ్యత కూడా మీదే. ఆ మనిషిని తీసుకురండి," అని ఆవిడ వాయిదా వేసింది. స్కూళ్ళు తెరవడానికి సరిగ్గా వారం ముందు.

ఇంటికొచ్చి ఇదంతా చెబితే మా ఆవిడ అన్నం వడ్డిస్తూ, "అడుసు తొక్కనేల, కాలు కడగనేల? అమ్మిన రోజే మార్పించి ఉంటే పోయేదిగా?" అంది. అమ్మిన రోజున ఆ స్నేహితుడికి కోడికూర వండి పెట్టిన మనిషి ఈవిడే. ఆ సంగతి గుర్తు చేశాను. గిన్నె నా ముందు పెట్టేసి లోపలికి వెళ్ళిపోయింది.

మే నెల నడిమికి పొదిలి ఆయన ఫోన్ చేసి అడ్రసు చెప్పాడు. నేను కొత్తపట్నం బయల్దేరాను. దారి పొడుగునా ఏం తిట్టాలో వరస పెట్టుకున్నాను. పోలీసులు ఆపితే ఆగడానికి ఏం రోగం? ఒకడి పేరు మీద ఉన్న బండి తోలేటప్పుడు వాడికో బతుకుంటుందని తెలీదా? రెండో బస్సు దిగేసరికి నా తిట్లు బాగా పదునెక్కాయి.

సముద్రం ఒడ్డున ఒక సందులో, రేకుల పందిరి కింద, నా బండి కనపడింది. తుప్పు పట్టింది, సీటు చిరిగింది, చేపల వాసన పది అడుగుల దూరం నుంచే తగులుతోంది. పక్కనే నలభై ఏళ్ళ మనిషొకడు ఐసు పెట్టెలు కడుగుతున్నాడు. ఒంటి మీద గళ్ళ చొక్కా. ఆ వీపుని ఎక్కడున్నా గుర్తు పట్టగలను.

"ఈ బండి ఎవరిదయ్యా?" అన్నాను, గొంతు పెంచి.

అతను తిరిగి నా ముఖంలోకి చూశాడు. చేతిలో పెట్టె వదిలేసి, "ఓనరు గారా!" అన్నాడు. అని ఇంట్లోకి కేకేశాడు. "ఏమే, బండి ఓనరు గారొచ్చారు, కుర్చీ తే!" ఇద్దరు ముగ్గురు పక్క ఇళ్ళ వాళ్ళు కూడా ఓనరు గారిని చూడడానికి వచ్చారు. నన్నెలా గుర్తు పట్టాడా అనుకుంటుంటే, లోపలి నుంచి ప్లాస్టిక్ కవరు తెచ్చి చూపించాడు. సి బుక్కు, నా ఖాళీ సంతకాల ఫారాలు, నా లైసెన్సు జిరాక్సు. జిరాక్సులో నా ఫొటో నల్లగా, కోపంగా ఉంది.

"రోజూ చూస్తా ఉంటానండీ మీ ఫొటో. మీ పేరు గూడా నాకు నోటికొచ్చు. ఎవురన్నా ఆపితే మీ పేరే చెప్తా. ఇన్నాళ్ళూ మీ పేరుకి మచ్చ రానీలా," అన్నాడు.

కోర్టు కాగితం తీసి అతని ముందు పెట్టి, విషయమంతా చెప్పాను. నా గొంతు ఎంత పెద్దదైందో చుట్టూ ఉన్నవాళ్ళు వెనక్కి జరిగితే గానీ నాకు తెలియలేదు. అతని ముఖం పాలిపోయింది. ఆ రోజు వల ఆలస్యంగా వచ్చిందట. ఎండ ముదిరిపోయింది. పెట్టెల్లో ఐసు సగం నీళ్ళైపోయింది. పోలీసులు ఆపితే కాగితాలన్నీ వేరేవాళ్ళ పేరున ఉన్నాయి, ఎంతసేపు నిలబెడతారో, ఈలోగా చేపలు కుళ్ళిపోతాయని భయపడి ఆగకుండా తోలేశాడట.

"ఐసు కరిగిపోతా ఉంటే కాళ్ళు ఆగవండీ. తప్పే. నేనొచ్చి చెప్తాలెండి. మీరు భయపడబాకండి, ఓనరు గారూ," అన్నాడు.

ఇంత తేలిగ్గా ఒప్పుకుంటే నేను దారంతా తయారు చేసుకున్న తిట్లేం చేసుకోవాలి? వాళ్ళావిడ భోజనం చెయ్యకుండా కదలనివ్వలేదు. వంజరం చేప పులుసు. కోపంగా తిందామని ప్రయత్నించాను గానీ అంత మంచి పులుసు కోపంగా తినడం కుదరలేదు.

రెండో వాయిదా రోజు పొద్దున పదయింది, పదకొండయింది. అతను రాలేదు. ఫోను ఎత్తడు. నా పేరు ఒకసారి పిలిచి పక్కన పెట్టారు. వారంలో స్కూళ్ళు తెరుస్తారు. నా బస్సు ఇంకొకడు నడుపుతాడు. యల్‌కేజీ పిల్లల్ని ఎక్కించుకునేటప్పుడు వాడు మెట్టు దగ్గర చెయ్యి అడ్డం పెడతాడో లేదో. నిజం చెబుతున్నాను, ఆ బెంచీ మీద కూర్చుని ఆ ఒక్క సంగతికే నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఆ కన్నీళ్ళ మీద కూడా కోపమొచ్చింది.

పన్నెండింటికి అతను చెమటలు కక్కుతూ వచ్చాడు. బండి మీద రాలేదు. పోలీసులు పట్టుకుంటే కోర్టుకి ఆలస్యమవుతుందని ఆటోలు మారి వచ్చాడట. చేతిలో ఆ ప్లాస్టిక్ కవరు. చేపల వాసనకి బెంచీ మీదివాళ్ళు ఇద్దరు లేచి అవతలికి పోయారు. బంట్రోతు మళ్ళీ పిలవగానే నాకన్నా ముందు అతనే వెళ్ళి నిలబడ్డాడు.

"తోలింది నేనేనమ్మా. ఈయన కాదు. ఈయన చాలా మంచాయన. తప్పు ఒప్పుకుంటున్నా."

మేజిస్ట్రేటు గారు అతన్ని తిరగమనలేదు. ఫొటోలో చొక్కా, ఒంటి మీది చొక్కా ఒకటే. అతనికి జరిమానా వేసింది, మళ్ళీ ఇట్లా చేస్తే ఊరుకోనంది, నా పేరు ఆ కేసులోంచి తీసేసింది. నేను దణ్ణం పెట్టి వెనక్కి అడుగు వేశాను.

"ఆగండి," అంది ఆవిడ. "ఇరవై రెండేళ్ళ డ్రైవరునన్నారు. బండి అమ్మితే పేరు మార్పించాలని తెలీదా?"

"తెలుసండీ. పొరపాటైందండీ."

"ఇప్పుడు మీరు తిరిగే బండి ఎవరిది?"

"నాదేనండీ."

"ఎవరిదని కాదు నేనడిగేది. సి బుక్కులో ఎవరి పేరుంది?"

ఆ బండి నాకు మెకానిక్ ఇప్పించాడు. రెండేళ్ళు దాటింది. ఎవరో పెద్దాయనదట. పశువుల ఆసుపత్రిలో కాంపౌండరుగా చేసి రిటైరయ్యారట. ఆయన్ని నేను చూడలేదు. కవరు తీసుకున్నాను, సంతకాలు ఉన్నాయో లేవో చూసుకున్నాను. పేరు మార్పించుకో అని మెకానిక్ అంటే, తొందరేముంది అన్నాను. ఇంకా ఏదో అన్నాను. మన మధ్య కాగితాలేంటి అన్నాను.

నేను భుజం మీది తువ్వాలు సర్దుకున్నాను. పక్కన నిలబడ్డ చేపలాయన నా వైపు ఎంతో ఆప్యాయంగా చూసి, "మీదీ మా మాదిరేనా, ఓనరు గారూ?" అన్నాడు. ఈసారి బంట్రోతు కూడా నవ్వాడు. మేజిస్ట్రేటు గారు తలవంచుకుని ఏదో రాస్తూ, "కాగితం తీసుకుని వెళ్ళండి. వెళ్ళాక ఆ నంబరు కూడా ఒకసారి కొట్టి చూసుకోండి," అంది.

బయటికొచ్చాక చేపలాయన సి బుక్కుని నా ముందు తెరిచి పట్టుకుని, ఈ నెలలోనే పేరు మార్పించుకుంటానని నా చేతిలో చెయ్యేసి చెప్పాడు. నేను తిరుగు బస్సెక్కాను. జేబులో నా కేసు పోయిన కాగితం. సంతోషపడాల్సిన మనిషిని. చిలకలూరిపేట దాటే దాకా ఫోను తియ్యలేదు. తర్వాత తీసి నా బండి నంబరు కొట్టాను.

అయిదు చలానాలు. అయిదు ఫొటోలు. వేలితో ఒక్కొక్కటే పెద్దది చేసి చూశాను. ఖాకీ చొక్కా, ఎడమ భుజం మీద తువ్వాలు, ఉత్త నెత్తి. బస్సు సీటుకి ఆనుకుని ఆనుకుని చొక్కా నడుము దగ్గర వెలిసిపోయిన పట్టీ. ఎవరి వీపు వాళ్ళకి ఎప్పుడు కనపడిందని ఆవిడ అడిగింది కదా, నాకు ఆ రోజు కనపడింది. ఒకదాంట్లో సెల్‌ఫోను చెవికీ భుజానికీ మధ్య ఇరికించుకుని పోతున్నాను. ఒకదాంట్లో వెనక మా ఆవిడ, ఆమె ఒళ్ళో గ్యాసు సిలిండరు. అన్నిటి కింద ఆ పెద్దాయన పేరు.

సిగ్గేసింది. నా పేరు మీద ఒక్క చలానా లేదని పెళ్ళిళ్ళలో చెప్పుకున్నాను. ఎట్లా ఉంటుంది? నా తప్పులన్నీ ఎవరో ముసలాయన మోస్తున్నాడు. ఆ గళ్ళ చొక్కావాడు కనీసం నా పేరు నోటికి నేర్చుకున్నాడు. ఆయన పేరు నేను ఆ రోజే మొదటిసారి చదివాను.

ఇంటికొచ్చి ఫోను మా ఆవిడ చేతికిచ్చాను. ఆమె సిలిండరు ఫొటో చూసి, "అయ్యో, ఇది నేనేగా!" అంది. తర్వాత అన్నీ వరసగా చూసింది. తిడుతుందని ఎదురుచూశాను. "గురివింద గింజ తన నలుపు ఎరగదంట," అని మాత్రం అని ఫోను తిరిగిచ్చింది. తిట్టినా బాగుండేది.

కేసు పోయిన కాగితం, ఈ అయిదు ఫొటోలు రెండూ కరస్పాండెంట్ గారి ముందు పెట్టాలని ఆ రాత్రే నిర్ణయించుకున్నాను. తర్వాత అట్లాగే పెట్టాను. ఆయన ఫొటోలు ఒక్కొక్కటే చూశాడు. చలానాలు తీర్చి, బండి నా పేరు మీదకి మార్పించుకున్నాక రమ్మన్నాడు. ఆ ఏడు మొదటి నాలుగు రోజులు నా బస్సు ఇంకొకడే నడిపాడు. అయిదో రోజు తాళాలు నా చేతికొచ్చాయి. అప్పటి నుంచి నా రికార్డు గురించి ఎవరికీ చెప్పడం లేదు.

కానీ వీటన్నిటికన్నా ముందు చేసిన పని ఒకటుంది. కోర్టు నుంచి వచ్చిన మర్నాడు పొద్దున్నే మేకుకున్న హెల్మెట్టు తీసి, బూజు దులిపి, పెట్టుకుని, సి బుక్కులో ఉన్న అడ్రసుకి వెళ్ళాను. ఆయన ఇల్లు ఎక్కడో లేదు. మా ఊళ్ళోనే, రైలు గేటు అవతల. నేను రోజూ బస్సు తిప్పే వీధి. బనీను, పంచె కట్టుకున్న పెద్దాయన వాకిట్లో కూర్చుని పేపరు చదువుతున్నారు. బండి ఆపి దిగాను. ఆయన ముందు నంబరు ప్లేటు చూశారు, తర్వాత కళ్ళజోడు సర్దుకుని నన్ను చూశారు.

"ఈ బండి కొన్నది నేనేనండీ," అన్నాను. "పేరు మార్పించుకోలేదు. మీకు చాలా ఇబ్బంది చేశాను. ఇవాళే రండి, మార్పించుకుంటాను. చలానాలన్నీ నావే."

ఆయన పేపరు మడిచి పక్కన పెట్టారు. కోపంగా లేరు. అదే నాకు ఎక్కువ బాధనిపించింది.

"ఫోనుకి ఫొటో వచ్చినప్పుడల్లా తిట్టుకునేవాణ్ణి," అన్నారు. "మొన్న నా లైసెన్సు రెన్యువలుకి పోతే, ఈ మనిషి మీరేనా అని అడిగారు. కాదయ్యా, అది నా వీపు కాదంటే ఒక్కడూ నమ్మలా. పని కాలా, తిప్పి పంపారు."

ఆయన నన్ను ఎగాదిగా చూశారు.

"నువ్వేనా అని ఎట్లా నమ్మను?" అన్నారు. "ముఖం నేనెప్పుడూ చూడలా. ఏదీ, ఆ టోపీ తీసి ఒకసారి అటు తిరుగు."

హెల్మెట్టు తీసి చేతిలో పట్టుకుని, మారు మాట్లాడకుండా అటు తిరిగి నిలబడ్డాను.